నాలుగో ఆల్బమ్‌లో బావ చెయ్యి

మా బావ ఎవరినీ నమ్మడు. నిందగా అనడం లేదు, మనిషి పొడుగా పొట్టా అని చెప్పినట్టే చెబుతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఆయనది కరెంటు మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగం. పొద్దున్నే భుజాన సంచి వేసుకుని బయలుదేరతాడు. సంచిలో టార్చి, సన్నని తీగచుట్ట, సీసపు బిళ్ళలు, ఆ బిళ్ళల్ని నొక్కి సీలు వేసే పట్టకారు ఉంటాయి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనిషి మొహం చూడడు, మీటరు సీలు చూస్తాడు. దాని మీద గోటిగీత ఉన్నా పట్టేస్తాడు. అడక్కుండా మంచినీళ్ళు ఇచ్చిన ఇంట్లో మాత్రం రెండోసారి చూస్తాడు. మర్యాద ఎక్కువైందంటే మీటరు వెనక ఏదో ఉందని ఆయన లెక్క.

ఉద్యోగం గుమ్మం బయట వదిలి వస్తే గొడవే లేదు. ఇంట్లో కాఫీపొడి సీసా మీద పెన్సిలుతో గీత గీస్తాడు, ఎవరు ఎంత వాడుతున్నారో తెలియాలని. ఒకసారి మా అక్కకి ఒళ్ళు మండి, ఆ గీత చెరిపేసి రెండువేళ్ళ కిందకి గీసింది. కాఫీపొడి తగ్గకపోగా ఎలా పెరుగుతోందో అర్థంకాక ఆయన నాలుగు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. అక్క నాకు ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. ఇలాంటి మనిషితో కాపురం ఆమె చేసింది కాబట్టి సరిపోయింది. నేనైతే ఆ సీసా ఆయన నెత్తిమీదే పగలగొట్టేదాన్ని.

అలాంటి బావ ఒక్కచోట మాత్రం కళ్ళు మూసుకునేవాడు. డ్రమ్స్ ముందు కూర్చున్నప్పుడు. కర్రలు చేతిలోకి తీసుకుని, నాలుగుసార్లు టకటకమని కొట్టి, కళ్ళు మూసేవాడు. పాట అయ్యేదాకా తెరిచేవాడు కాదు. ఆ నాలుగు నిమిషాలూ లోకంలో ఎవరు ఏ మీటరు తిప్పుకున్నా ఆయనకి పట్టేది కాదు. ఆయన మొహం అంత ప్రశాంతంగా ఉండటం అక్క కూడా వేరేచోట చూడలేదట.

మా బ్యాండు పేరు 'పక్కింటి గోల'. ముగ్గురం. బావ డ్రమ్స్. నేను బేస్ గిటారు. పగలు నేను పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసిచ్చే ల్యాబులో పనిచేస్తాను. మూడోవాడిని పొడుగు అని పిలుస్తాం. పాడతాడు, గిటారు వాయిస్తాడు, పగలు పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతాడు. పాటలు వాడే రాస్తాడు, గోరంత బాధని కొండంత చేసి. మా ముగ్గురి వయసులూ కలిపితే నూట ముప్పై దాటుతుంది. పెద్ద కంపెనీ ఏదీ మా మొహం చూడలేదు, మేమూ దాని గుమ్మం తొక్కలేదు. మా పాటలు మేమే రికార్డు చేసుకుంటాం, మేమే అచ్చు వేయించుకుంటాం.

మొదటి ఆల్బమ్ అక్కావాళ్ళ ఇంట్లో మెట్లకింద గదిలో, గోడలకి పాత పరుపులు ఆనించి, నాలుగు రోజుల్లో చేశాం. ఐదో పాట చివర పక్కింటాయన గోడ మీద దబదబా బాదడం వినిపిస్తుంది. తీసేద్దామని నేనన్నాను. "ఉంచు, తాళం తప్పకుండా బాదాడు" అన్నాడు బావ. బ్యాండుకి ఆ పేరు అలా వచ్చింది. రెండో ఆల్బమ్ 'వెనకసీటు', మూడోది 'వాన లేని గొడుగు'. ఒక్కొక్కటీ మూడు వందల కాపీలు వేశాం. ఆ మూడూ విన్నవాళ్ళు ఒక్క మాట అనేవారు: మీ డ్రమ్మరు దెబ్బ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది, పాట దానికోసం ఆగినట్టు ఉంటుంది అని. ఎక్కడివాడో తెలియని ఒకాయన ఈ మాటే ఉత్తరంగా రాసి పంపాడు. బావ ఆ ఉత్తరాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పొడుగుగాడే రాయించి ఉంటాడు" అన్నాడు. అయినా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో ఆల్బమ్‌కి పది పాటలు సిద్ధమయ్యాయి. ఈసారి కాస్త బాగా చేద్దామని ఊరి చివర పాత టైర్ల గోడౌను వెనక ఉన్న స్టూడియో మాట్లాడుకున్నాం. దాన్ని నడిపేది ఒక్కడే మనిషి, మేము సౌండాయన అనేవాళ్ళం. మాట తక్కువ, కాగితం ఎక్కువ. ఏ తీగ ఎక్కడ పెట్టాడో, ఏ పాటలో ఎన్నో సెకనుకి ఏం చేశాడో అన్నీ రాసి పెట్టుకుంటాడు.

చిక్కు మొదటిరోజే వచ్చింది. మేము వెళ్ళేసరికి స్టూడియో అరుగు మీద ఓ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ప్యాంటు వెనక జేబులో రెండు డ్రమ్ము కర్రలు. పొడుగు అతనితో రెండు మాటలు మాట్లాడి, ఏదో అంటే ఇద్దరూ నవ్వారు. అంతే. అతను వేరే బ్యాండు పని మీద వచ్చాడు, పని చూసుకుని వెళ్ళిపోయాడు. బావ మాత్రం అతను ఎక్కి వెళ్ళిన బండి నంబరు రాసుకున్నాడు.

"ఎవరమ్మా వాడు?" అన్నాడు నాతో.

"నాకేం తెలుసు బావా? ఎవరో."

"కర్రలు కొత్తవి. జేబులో పెట్టుకు తిరుగుతున్నాడంటే ఎవరో రమ్మన్నారన్నమాట."

"ఎవరు రమ్మంటారు? డ్రమ్స్‌కి నువ్వున్నావుగా."

"అదే నేనూ అడుగుతున్నది" అన్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ రోజునుంచి బావ డ్రమ్ములు సర్దే పెట్టెలకి మీటర్లకి వేసినట్టే తీగ కట్టి సీసపు సీళ్ళు వేశాడు. సౌండాయన అవి చూసి తన కాగితంలో రాసుకున్నాడు.

రికార్డింగు మొదలైంది. ముందు రెండో పాట ఎత్తుకున్నాం. అందులో రెండో చరణం చివర రెండు దెబ్బలు వరసగా పడాలి. ఒకటే పడింది. నా వేళ్ళు ఆ రెండోదాని మీద అడుగు వెయ్యబోయి గోతిలో పడ్డట్టయింది. అద్దం ఇవతలనుంచి బావవైపు చూశాను. మామూలుగా అయితే చిన్న పొరపాటుకే ఆపేసి, తన్ను తానే తిట్టుకుని, మళ్ళీ వాయిస్తాననే మనిషి. ఆపలేదు. పైగా కళ్ళు తెరుచుకుని నావైపే చూస్తున్నాడు. తప్పినట్టు ఈయనకి తెలియనే లేదు అనుకున్నాను. తప్పడం కంటే తెలియకపోవడం భయంకరం.

మర్నాడు ఇంకోటి తప్పింది. ఆ తర్వాతి పాటలో ఇంకోటి. దాదాపు ప్రతిసారీ అదే వరస, తప్పడం, ఆగకపోవడం, కళ్ళు తెరిచి మమ్మల్ని చూడటం. పాట అయ్యాక "ఎలా ఉంది?" అనేవాడు, మా మొహాల్లో ఏదో వెతుకుతూ. "బాగుంది గురూ" అనేవాడు పొడుగు నేలచూపులు చూస్తూ. నేనూ బాగుందనే అన్నాను. ఇరవై ఏళ్ళలో ఆయన ముందు నేను మాట మింగేసింది అప్పుడే. పిరికితనం అంటే పిరికితనమే, పేరు మార్చను.

పొడుగూ నేనూ అక్క దగ్గరికి వెళ్ళాం. ఆమె బస్సు పాసులు ఇచ్చే కౌంటరులో పనిచేస్తుంది. భోజనం వేళ కౌంటరు మూశాక, ఆ ఇరుకు గదిలో ముగ్గురం నిలబడే మాట్లాడుకున్నాం. విషయం చెప్పగానే అక్క మొహం పాలిపోయింది.

"మొన్న చెంచా జారవిడిచాడే" అంది. "అంతకుముందు తాళంచెవి. నేనే పట్టించుకోలేదు."

"చెంచాలు అందరం జారవిడుస్తాం అక్కా."

"నువ్వు వేరు, నీకు చిన్నప్పట్నుంచీ అదే పని. ఆయన చేతిలోంచి ఏదైనా పడగా చూశావా ఎప్పుడైనా?"

చూడలేదు. పొడుగు గోడకి ఆనుకుని, "డ్రమ్ములు పోతే ఆయనకి మిగిలేదేంటి? మీటర్లు" అన్నాడు. అంతకు మించి చెప్పక్కర్లేదు. చెయ్యి పోయిందని తేలితే బ్యాండు ముగిసినట్టే, ఇంకో డ్రమ్మరుతో వాయించే ఊహ మాలో ఎవరికీ లేదు. కానీ నా బెంగ బ్యాండు గురించి కాదు. లోకాన్నంతా అనుమానిస్తూ బతికే మనిషికి కళ్ళు మూసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క చోటు. అది నీకిక లేదు అని చెప్పే నాలుక ఎవరిది? నాది మాత్రం కాదు. అక్క కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. ముందు ఆల్బమ్ బయటికి రానివ్వాలి, ఆయన పేరుతో, ఆయన దెబ్బతో. డాక్టరు సంగతి ఆ తర్వాత. అప్పటిదాకా ఎవరూ నోరు మెదపకూడదు.

అలా దొంగతనం మొదలైంది. తప్పిన దెబ్బల్ని బాగుచెయ్యడం సౌండాయనకి చిటికెలో పని. అదే పాటలో బావ బాగా కొట్టిన దెబ్బ ఒకటి వెతికి, కోసి, ఖాళీ ఉన్నచోట అతికించేవాడు. అయితే ఆ వెంట్రుకవాసి ఆలస్యం ఆయనకి పట్టుబడేది కాదు. సరిగ్గా తాళం మీద పెట్టేవాడు. వింటే ఎవరో అద్దెకి తెచ్చిన మనిషి వాయించినట్టుండేది. అందుకని నేను పక్కన కూర్చుని, "ఇంకొంచెం వెనక్కి... చాలు, చాలు" అని చెప్పేదాన్ని. తొమ్మిది రోజులు అలా కూర్చున్నాను, ల్యాబుకి సెలవు పెట్టి. ఒకచోట మాత్రం అరువు తేవడానికి సరిపడే దెబ్బ దొరకలేదు. సౌండాయన బ్లేడుతో పెట్టె సీలు విప్పి బావ డ్రమ్ము బయటికి తీశాడు. నేను ఆయన స్టూలు ఎత్తు తగ్గించుకుని కూర్చుని ఒకే ఒక్క దెబ్బ కొట్టాను. తర్వాత సీలు మళ్ళీ మెలిపెట్టి అతికించాం. స్టూలు పైకి లేపడం మరిచిపోయాం.

మర్నాడు బావ కూర్చోగానే మోకాళ్ళు పైకి లేచాయి. దిగి, వంగి, స్టూలు మరని వేలితో కొలిచాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి సీలు చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడ్డాక ఏ గొడవా చెయ్యలేదు, దానికే నాకు భయం వేసింది.

"ఇక్కడ ఎవరో కూర్చున్నారు" అన్నాడు నెమ్మదిగా. "పొట్టివాళ్ళు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఎత్తు మడమల చెప్పులు సర్దుకున్నాను. ఆయన నా చెప్పులవైపు చూశాడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఇవాళ మీ ల్యాబు మీదుగా వెళ్ళాను. వారంగా సెలవులో ఉన్నావట."

"పన్ను నొప్పి బావా."

"పళ్ళ ల్యాబులో పనిచేసేదానికి పన్ను నొప్పికి సెలవా?"

"ఏం, కరెంటాఫీసు వాళ్ళింట్లో కరెంటు పోదా?" అని ఎదురు దబాయించాను. నాకు కోపం నటించడం బాగా వచ్చు, ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కాబట్టి. ఆయన "ఊఁ" అని పెట్టేశాడు.

ఆ తర్వాత వారం మా అందరికీ నరకం. పెయింట్ల దుకాణానికి వెళ్ళి, కొననే కొనని నీలిరంగు గురించి గంటసేపు అడుగుతూ, పొడుగుని ఇరవై ప్రశ్నలు వేశాడు. స్టూడియోలో మేము మాట్లాడుకుంటుంటే తలుపు దగ్గర చెప్పుల చప్పుడు లేకుండా ప్రత్యక్షమయ్యేవాడు, మేము ఠక్కున ఆపేసేవాళ్ళం, ఆ ఆపడం చూసి తలాడించేవాడు. అక్క ఫోన్ మోగితే ముందు ఆయన కళ్ళు దాని మీద పడేవి. "ఎవరు?" "చెల్లెలు." "రోజూ ఏముంటుందట అంత మాట్లాడటానికి?" మేము మాత్రం ఆయన చెయ్యి చూసేవాళ్ళం. గ్లాసు ఎలా పట్టుకున్నాడు, గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది. ఆయన మమ్మల్ని గమనించడం, మేము ఆయన్ని గమనించడం. ఒకే గదిలో నలుగురు పోలీసులు ఉన్నట్టుండేది, దొంగ ఎవరో తెలియకుండా.

ఆల్బమ్ పూర్తయింది. సోమవారం అచ్చుకి పంపాలి. ఆదివారం పొద్దున అందరం కూర్చుని మొదటినుంచీ చివరిదాకా విందామని స్టూడియోకి వెళ్ళాం. అక్క కూడా వచ్చింది. బావ గోడవారగా కుర్చీ వేసుకుని, సంచిలోంచి మీటరు రీడింగులు రాసుకునే చిన్న పుస్తకం తీశాడు.

పాటలు మొదలయ్యాయి. బాగున్నాయి, అబద్ధం ఎందుకు, మేము చేసిన నాలుగింట్లోనూ ఇదే మంచిది. కానీ ఎవరమూ పాట వినడం లేదు. బావ పెన్సిలు చూస్తున్నాం. మొదటి పాట సగంలోనే ఆయన పుస్తకంలో ఒక గీత కొట్టాడు. రెండో పాట రెండో చరణం చివర ఇంకోటి. అలా గీతలు పెరుగుతున్నకొద్దీ అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పదో పాట అయ్యాక ఆయన పుస్తకం మూసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఎవడు వాయించాడు?" అన్నాడు.

అందరం సౌండాయన వైపు చూశాం.

"ఆ కర్రలవాడేనా? నా స్టూలు మీద కూర్చుని, నా డ్రమ్ముల మీద? ఇరవై ఏళ్ళు కలిసి వాయించిన వాళ్ళు మీరు. వద్దంటే వద్దని మొహం మీద చెప్పాలి. ఇలా వెనకనుంచా?" ఆయన గొంతు వణికింది. కోపం అనుకున్నాను ముందు. కాదు, ఆయన ఏడుపు ఆపుకుంటున్నాడు.

నాకిక ఆగలేదు. "ఎవరూ వాయించలేదు బావా! అన్నీ నీ దెబ్బలే" అన్నాను. మొత్తం చెప్పేశాను. తప్పిన దెబ్బలు, కోయడం, అతికించడం, అక్క కౌంటరు, చెంచా, అన్నీ. "ఒక్కటి మాత్రం నాది. తొమ్మిదో పాటలో" అని కూడా ఒప్పుకున్నాను.

"అది నీదా? అందుకే తలుపు బాదినట్టుంది" అన్నాడు. తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వడం మొదలెట్టాడు. మేము మొహమొహాలు చూసుకున్నాం. "పిచ్చివాళ్ళారా" అన్నాడు, "అవి తప్పులు కావు. సీళ్ళు!"

ఆయన చెప్పింది ఇది. ఆ కర్రలవాడిని చూసిన రోజే నిర్ణయించుకున్నాడట. మీటరుకి సీలు వేసినట్టు పాటకీ వెయ్యాలి అని. ప్రతి పాటలో తనకి మాత్రమే తెలిసినచోట, కావాలనే ఒక దెబ్బ మింగేశాడు. ఒకచోట చేతిది, ఒకచోట కాలిది. ఆల్బమ్ తయారయ్యాక ఆ ఖాళీ అక్కడే ఉంటే వాయించింది తనే. ఖాళీ నిండిందంటే ఎవరో తన పని తీసేసుకున్నట్టు. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసింది అందుకే, ఖాళీ పడగానే మా మొహాలు ఎలా మారతాయో చూడటానికి. మేము "బాగుంది" అని అబద్ధం చెప్పినప్పుడల్లా ఆయన అనుమానం బలపడిందట.

మేము నమ్మలేదు. ఏ మాట దాచినా ఈ మాట దాచను. పొడుగు నావైపు చూశాడు, నేను అక్కవైపు చూశాను. చెయ్యి తప్పినవాడు ఇంకేమంటాడు, కావాలనే చేశానంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. బావకి మా చూపులు అర్థమయ్యాయి. జన్మలో మొదటిసారి ఆయన్ని ఎవరో అనుమానిస్తున్నారు. ఎర్రబడ్డ మొహంతో పుస్తకం తెరిచి బల్ల మీద పడేశాడు.

"చూడండి. ముందే రాసుకున్నాను. తేదీతో సహా."

పాట, చరణం, ఎన్నో దెబ్బ, చెయ్యా కాలా, అన్నీ ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. పది పాటలకి పదకొండు సీళ్ళు, ఏడో పాటకి అనుమానం ఎక్కువై రెండు వేశాడు. సౌండాయన లోపలికి వెళ్ళి తన కాగితం తెచ్చాడు. ఆయన చదివాడు, బావ టిక్కు పెట్టాడు. మొదటి పాట, సరిపోయింది. రెండోది, సరిపోయింది. ఒక్కొక్కటి కలుస్తుంటే అక్క నవ్వుతూ ఏడవడం మొదలెట్టింది. నాకు గుండెల మీంచి కొండ దిగినట్టయింది, వెంటనే కోపం వచ్చింది. మర్యాదలోకి దిగానంటే ఒళ్ళు మండినట్టే.

"బావగారూ, మీకు దండం పెడతాను. తొమ్మిది రోజులు సెలవు పెట్టి, అబద్ధాలాడి, ఏడ్చి చచ్చాను. మీ సీళ్ళు తగలెయ్య!"

"సీలు వేశాను కాబట్టే తెలిసింది, మీరు నా వెనక ఎన్ని పనులు చెయ్యగలరో" అన్నాడు బావ, దర్జాగా కుర్చీలో వాలి. పొడుగు ఆయన భుజం మీద ఒక్కటిచ్చాడు. అందరం నవ్వుతున్నాం.

సౌండాయన మాత్రం కాగితం మీంచి తల ఎత్తలేదు. మంచివాడే, కానీ కాగితంలో ఉన్నది పూర్తిగా చదివితే తప్ప ఆయనకి తోచదు. "సార్, నేను బాగుచేసినవి పద్నాలుగు" అన్నాడు. "మీవి పదకొండే కలిశాయి. మరి ఈ మూడు?"

గదిలో నవ్వు ఆగిపోయింది.

"పొరపాటు రాసుంటావు" అన్నాడు బావ.

"లేదు సార్. మూడో పాటలో ఒకటి, ఎనిమిదిలో ఒకటి, పదిలో ఒకటి."

"నువ్వే ఏదో చెరిపి ఉంటావు. ముందు నేను వాయించింది వినిపించు. ఏమీ ముట్టుకోనిది."

సౌండాయన వినిపించాడు. మూడో పాట. పాట మధ్యలో, అందరం ఒకేసారి ఎత్తుకునేచోట, ఎడమచేతి దెబ్బ పడాలి. పడలేదు. "మళ్ళీ" అన్నాడు బావ. మళ్ళీ వేశాడు. ఎనిమిదో పాట. అదీ ఎడమ చెయ్యే. పదోది వినేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి తొడ మీద ఉంది, దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. అది తనకి తెలియడం లేదు. అక్క నవ్వు అక్కడే ఆగిపోయిన మొహంతో ఆయన్నే చూస్తోంది. సీలు వేసిన పదకొండు చోట్లా ఆయన మమ్మల్ని చూస్తూ కాచుకుని ఉన్నాడు. ఈ మూడు చోట్లా కళ్ళు మూసుకుని ఉండి ఉంటాడు.

నాకు ఆ సౌండాయన్ని కొట్టాలనిపించింది, పాపం ఆయన తప్పేమీ లేకపోయినా. బావ ఇంకా ఏదో అంటాడని ఎదురు చూశాను, తీగ లూజుగా ఉందని, మైకు పట్టలేదని. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషి, ఎవరో ఒకరి మీద అనుమానపడతాడు అనుకున్నాను. పడితే బాగుండని కూడా అనుకున్నాను.

"నావే" అన్నాడు బావ.

లేచి సౌండాయన పక్కకి వెళ్ళి, కాగితం మీద వేలు పెట్టాడు. "ఈ పదకొండూ మీరు బాగుచేసినట్టే ఉండనివ్వండి. అవి దొంగ తప్పులు. ఈ మూడూ మాత్రం విప్పెయ్యి. నేను ఎలా వాయించానో అలాగే పోనీ."

"వినేవాళ్ళకి తెలిసిపోతుంది గురూ" అన్నాడు పొడుగు.

"తెలియనీ" అన్నాడు.

ఆల్బమ్ అలాగే అచ్చయింది, ఈసారి కూడా మూడు వందలే. అక్క ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ డాక్టరు బావ మోచేతిమీద, మణికట్టుమీద ఏవో తీగలు పెట్టి చూసి, నరం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, రెండు నెలలాగి మళ్ళీ చూద్దాం అన్నాడట. ఇంతకీ డాక్టరు చదువు నిజమైనదేనా అని గోడమీది పటం దగ్గరికి వెళ్ళి చదివొచ్చాడట మా బావ. అది విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పోయిన వారం మెట్లకింద గదిలో మళ్ళీ కలిశాం. పొడుగు ఇంకా రాలేదు. బావ డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళేలు బిగిస్తుంటే నేను గిటారు శ్రుతి చేస్తున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

"ఏంటి చూస్తున్నావు?" అన్నాడు.

"ఏం లేదు బావా."

"నా చెయ్యి చూస్తున్నావు."

నేను చూపు గిటారు మీదికి తిప్పాను. ఆయన మర బిగించడం పూర్తిచేసి, స్టూలు మీద కూర్చున్నాడు.

"చూడు. బాగానే చూడు. పొడుగు మొహమాటపడతాడు, మీ అక్క ఏడుస్తుంది. నీకు నోరుంది. తప్పినప్పుడల్లా అక్కడే ఆపి చెప్పు. ఇక చాలు బావా అని నువ్వు అన్నరోజున కర్రలు కింద పెట్టేస్తాను. ఎందుకని అడగను."

"నా మాట నమ్ముతావా?"

"నమ్మక ఏం చెయ్యను?" అన్నాడు. పుస్తకం తియ్యలేదు, ఎక్కడా గీత గియ్యలేదు.

నాకు ఆ పని వద్దు. లోకంలో ఏ పనైనా చేస్తాను గానీ అది వద్దు. కానీ ఆయన కర్రలు పట్టుకుని నా జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు. సరే అన్నాను.

పొడుగు వచ్చాక మూడు పాటలు వాయించాం. మూడోదాని చివర ఎడమచేతి దెబ్బ ఒకటి పడలేదు. నేను తీగల మీద చెయ్యి పెట్టి ఆపాను. పొడుగు అర్థంకాక నావైపు చూశాడు.

"తప్పింది బావా" అన్నాను.

"సరే" అన్నాడు. "మళ్ళీ."